పాచిక ఎక్కడ వేయాలి? విమానవాహక నౌకల వార్‌గేముల్లో అదృష్టం లెక్క

పాత యుద్ధాలను బల్ల మీద పాచికలతో మళ్లీ ఆడే ఆటలే వార్‌గేములు. వాటిలో విమానవాహక నౌకల ఆట ఆడే బల్ల దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "12 టార్పెడో విమానాలు పంపితే ఒక్కటీ తగల్లేదు. ఈ ఆటంతా పాచికలదే, ఆడేవాడిదేం లేదు." ఆ కోపం అర్థమయ్యేదే. కానీ ముందు లెక్క చూద్దాం. విమానానికి ఒక పాచిక, 6 పడితే తగిలినట్టు అనే మామూలు రూల్ తీసుకోండి. 12 పాచికలకు సగటున 2 తగలాలి. ఒక్కటీ తగలకపోయే అవకాశం 11 శాతం. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగిలే అవకాశం 12.5 శాతం. సరిగ్గా 2 తగిలేది 30 శాతం మాత్రమే. అంటే పుస్తకంలో రాసిన "సగటు" మూడు దాడుల్లో ఒక్కసారి కూడా గట్టిగా కనిపించదు. తొమ్మిది దాడుల్లో ఒకటి పూర్తిగా వట్టిపోతుంది. అది దురదృష్టం కాదు, ఆ రూల్ స్వభావమే అంత.

నేల మీది యుద్ధాల ఆటల్లో ఇది పెద్దగా బాధించదు. అక్కడ ఒక సాయంత్రం ఆటలో వందల పాచికలు పడతాయి, ఒకచోట పోయింది ఇంకోచోట వస్తుంది. 1200 పాచికలకు సగటు 200, దాని చుట్టూ మామూలుగా కనిపించే హెచ్చుతగ్గు 13 దాకా, అంటే ఆరేడు శాతం. 12 పాచికలకు సగటు 2, హెచ్చుతగ్గు 1.3. అంటే 65 శాతం! విమానవాహక నౌకల ఆటలో ఫలితాన్ని తేల్చే దాడులు మొత్తం మీద నాలుగైదు ఉంటాయి. వాటికి సర్దుకునే సమయమే దొరకదు.

అందుకని అదృష్టాన్ని తగ్గించేద్దాం అనుకోవడం నా దృష్టిలో తప్పుదారి. ఆ యుద్ధమే అలాంటిది. 1942 జూన్ 4న పసిఫిక్‌లోని మిడ్‌వే ద్వీపం దగ్గర అమెరికా, జపాన్ నౌకాదళాలు తలపడ్డాయి. అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ నుంచి వచ్చిన రెండు డైవ్ బాంబర్ (పైనుంచి నిట్టనిలువుగా దూకి బాంబు వేసే విమానాల) స్క్వాడ్రన్లూ పొరపాటున కాగా అనే ఒకే జపాన్ నౌక మీదికి దూకాయి. అది గమనించిన ఒక స్క్వాడ్రన్ నాయకుడు డిక్ బెస్ట్ ఇద్దరు సహచరులతో పక్కకు తప్పుకుని అకాగి అనే ఇంకో నౌక మీదికి వెళ్లాడు. మూడు విమానాలు, మూడు బాంబులు. నేరుగా తగిలింది ఒక్కటే. జపాన్ విమానవాహక దళపు పతాక నౌక దాంతోనే పోయింది. ఈ సన్నివేశాన్ని "సగటున ఇంత నష్టం" అని చూపించే ఆట ఎంత నున్నగా నడిచినా ఆ రోజును చూపించదు.

అసలు ప్రశ్న అదృష్టం ఎంత ఉండాలన్నది కాదు, ఏ మెట్టు మీద ఉండాలన్నది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బాంబు తగలడంలో పాచిక పాత్ర తక్కువ ఉండాలి, వెతకడంలో, ఆలస్యంలో, శత్రువు గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ ఉండాలి. చాలా ఆటల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. వెతకడం ఒక్క పాచికతో ముగిసిపోతుంది, బాంబులకేమో గుప్పెళ్లకొద్దీ పాచికలు.

మళ్లీ మిడ్‌వేనే చూడండి. ఆ ఉదయం మూడు అమెరికన్ నౌకల నుంచి 41 డెవాస్టేటర్ టార్పెడో విమానాలు లేచాయి: హార్నెట్ నుంచి 15, ఎంటర్‌ప్రైజ్ నుంచి 14, యార్క్‌టౌన్ నుంచి 12. హార్నెట్ విమానాలు పదిహేనూ కూలిపోయాయి. తగిలిన టార్పెడోలు సున్నా. "6 పడితే తగిలినట్టు" రూల్ ప్రకారం 41కి సున్నా రావాలంటే దాదాపు 1750లో ఒక వంతు అవకాశం. అలాంటి ఫలితం నిజంగా వచ్చిందంటే చరిత్రలో పాచిక అంత వికృతంగా పడిందనుకోవాలా? కాదు, రూల్ తప్పు. ఆ విమానాల్లో చాలావాటికి టార్పెడో వదిలే అవకాశమే రాలేదు. లేవడం, దారి తప్పకుండా చేరడం, ఫైటర్లను దాటడం, నౌకల ఫిరంగులను దాటడం, సరైన కోణంలో వదలడం, టార్పెడో నీటిలో సరిగ్గా నడవడం, తగిలాక పేలడం. ఏడు మెట్లు. వీటన్నిటినీ కలిపి ఒక్క 6లో కుక్కేస్తే సగటు సరిపోవచ్చు గానీ, ఎక్కడ జాగ్రత్త పడాలో ఆడేవాడికి తెలియదు. ఫైటర్ రక్షణ ఇవ్వనందుకు పోయాయా, తొందరపడి దూరం నుంచి వదిలినందుకు పోయాయా? పాచిక దానికి జవాబు చెప్పదు.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది, చాలా రూల్ బుక్కులు దీన్ని వదిలేస్తాయి. ఈ మెట్లు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. నౌకల మీద కాపలా తిరిగే ఫైటర్లను క్యాప్ అంటారు. జపాన్ జీరో ఫైటర్ 20 మిల్లీమీటర్ల తుపాకుల్లో ఒక్కోదానికి 60 గుళ్లే ఉండేవి. కొన్ని సెకన్లు కాలిస్తే ఖాళీ. టార్పెడో విమానాలు నీటికి ఆనుకుని వస్తాయి కాబట్టి వాటి వెంటపడ్డ జీరోలు కిందికి దిగిపోయాయి, గుళ్లు అయిపోయాయి, కాపలావాళ్ల చూపులన్నీ కిందే ఉన్నాయి. పైనుంచి డైవ్ బాంబర్లు వచ్చినప్పుడు అడ్డుకోవడానికి సరైన ఎత్తులో పెద్దగా ఎవరూ లేరు. అంటే మొదటి దాడిలో పడ్డ సున్నా రెండో దాడి పాచికను మార్చింది. దాడి దాడికీ క్యాప్ బలం మళ్లీ నిండిపోయే ఆటలో ఈ విషయం ఎప్పటికీ జరగదు.

దీనికి సులువైన మందు: క్యాప్ కౌంటర్లకు (ఆ ఫైటర్లను చూపించే బిళ్లలకు) రెండు పెట్టెలు గీయండి, పైఎత్తు, కిందిఎత్తు. ఏ దాడిని అడ్డుకుంటే కౌంటర్ ఆ ఎత్తు పెట్టెలోకి వెళ్తుంది, పైకి రావడానికి ఒక పూర్తి టర్న్ (ఆటలో ఒక వంతు) పడుతుంది. ఒకసారి పోరాడిన కౌంటర్‌ను తిప్పి పెట్టండి. తిప్పిన వైపు బలం సగం, నౌక మీద దిగి మళ్లీ లేస్తేనే పూర్తి బలం. కొత్తగా పాచిక ఒక్కటీ అక్కర్లేదు. చూడటానికి చిన్న మార్పే, కానీ దాడులను ఏ వరుసలో పంపాలన్నది ఆడేవాడి చేతిలోకి వస్తుంది. ఒక టర్న్ తేడాతో వచ్చిన రెండో దాడికి ఖాళీ ఆకాశం దొరకడం అదృష్టమే, కానీ ఆ అదృష్టానికి దారి వేసుకోవచ్చు.

ఇక బాంబుల మెట్టు దగ్గర పాచికలు ఎన్ని ఉండాలి? 12 పాచికలు విసరడం సరదాగా ఉంటుంది గానీ లెక్కపెట్టడానికే టైమ్ పోతుంది. పట్టికతో ఒకే పాచిక వేస్తే అదృష్టం పెరిగిపోతుందని చాలామంది భయపడతారు. అది పట్టికను బట్టి ఉంటుంది. ఆరు ముఖాల పాచికకు ఈ పట్టిక రాయండి: 1 పడితే 0, 2 పడితే 1, 3కీ 4కీ 2, 5కి 3, 6కి 4. సగటు 2. హెచ్చుతగ్గు లెక్క కూడా 12 పాచికలతో అచ్చంగా సమానం. లోపం అంచుల్లో ఉంది. సున్నా 11కు బదులు 17 శాతం అవుతుంది, 5 తగలడం అసలే రాదు. పది ముఖాల పాచిక ఉంటే ఇంకా బాగా కుదురుతుంది: 1కి 0, 2 నుంచి 4 దాకా 1, 5 నుంచి 7 దాకా 2, 8కీ 9కీ 3, 10కి 5. అప్పుడు 10, 30, 30, 20, 10 శాతాలు వస్తాయి. 12 పాచికల అసలు లెక్క 11, 27, 30, 20, 12.5. ఒక్క విసురుతో ఇంత దగ్గరగా రావడం చాలు. పట్టిక రాసేటప్పుడు సగటు మాత్రమే సరిచూసి వదిలేసేవాళ్లు ఎక్కువ. రెండు కొసలూ సరిచూడాలి, ఎందుకంటే ఆట తిరిగేది కొసల దగ్గరే.

రెండు పాచికల మొత్తం వాడే ఆటల్లో ఇంకో ఉచ్చు ఉంది. 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కావాలంటే 28 శాతం, దానికి +1 కలిస్తే 42 శాతం. ఏకంగా 14 పెరిగింది. 11 గానీ 12 గానీ కావాలంటే 8 శాతం, +1 కలిస్తే 17. పెరిగింది 8 మాత్రమే, కానీ అవకాశం రెట్టింపయింది. కాబట్టి "వెనక నుంచి దాడి +1" అని ఒకే మాట రాసినా, 11 కావలసిన కొత్త పైలట్లకు ఒకలా, 9 చాలిన ఆరితేరినవాళ్లకు ఇంకోలా పనిచేస్తుంది. పది ముఖాల పాచికతో +1 ఎప్పుడైనా 10 శాతమే. ఇలా కలిపే, తీసే అంకెలు (మాడిఫయర్లు) ఎక్కువున్న ఆటకు అదే మేలు.

పాచికల బదులు పేకలు వాడేవాళ్లూ ఉన్నారు. 36 పేకల్లో 6 "తగిలింది" పేకలు పెట్టి 12 తీస్తే సగటు 2 గానే ఉంటుంది, హెచ్చుతగ్గు 1.3 నుంచి 1.07కి దిగుతుంది. అయితే పోయిన పేకలు లెక్కపెట్టుకునేవాడు చివర్లో ఎప్పుడు దాడి చేయాలో పసిగట్టేస్తాడు. సగం కట్ట కాగానే మళ్లీ కలపకపోతే ఇది యుద్ధం ఆట కాక పేకాట అవుతుంది.

ఆడేవాడి వైపు నుంచి అన్నిటికన్నా ఉపయోగపడే లెక్క ఇది: దాడిని ఒకే నౌక మీద గుమ్మరించాలా, రెండిటికి పంచాలా? అదే 12 విమానాలు, అదే 6లో 1. నౌకను ఆటలోంచి తప్పించడానికి 2 టార్పెడోలు తగలాలనుకోండి. పన్నెండూ ఒకదాని మీదికి పంపితే అది పోయే అవకాశం 62 శాతం. ఆరేసి చొప్పున పంచితే ఒక్కోదానికి 26 శాతం. రెండిట్లో ఏదో ఒకటైనా పోయే అవకాశం 46 శాతం, రెండూ పోయేది 7 శాతం. గుమ్మరించడమే నయం. ఇప్పుడు ఒక్కటి తగిలితే చాలనుకోండి. శత్రువు హ్యాంగర్‌లో ఇంధనం నింపిన విమానాలు, బాంబులు ఉంటే అలాగే అవుతుంది. గుమ్మరిస్తే 89 శాతం అవకాశంతో ఒకటే పోతుంది. పంచితే ఒక్కోదానికి 66 శాతం పైన, సగటున 1.33 నౌకలు. పంచడమే నయం. కాబట్టి దాడికి ముందు చూసుకోవలసింది మన విమానాల లెక్క కాదు, శత్రువు డెక్ ఏ స్థితిలో ఉందన్నది. బెస్ట్ మూడు విమానాలతో పక్కకు తప్పుకున్న పని ఈ లెక్క ప్రకారం కూడా సరైనదే.

పాడైన ఆయుధాల సంగతికి వద్దాం. ఇక్కడ ఆటలు దాదాపు ఎప్పుడూ తప్పు చోట పాచిక వేస్తాయి. సగం టార్పెడోలు పేలవు అనే రూల్ తీసుకోండి. తగిలిన ప్రతి టార్పెడోకూ పాచిక వేస్తే, 6 తగిలినప్పుడు సగటున 3 పేలతాయి, ఆరూ పేలకపోవడం 64లో ఒక వంతు. నిజంగా జరిగేది అలా కాదు. లోపం డిజైన్‌లో ఉంటే ఆ కోవ మొత్తానికీ ఉంటుంది. 1941 మే 26న బ్రిటిష్ విమానవాహక నౌక ఆర్క్ రాయల్ నుంచి లేచిన స్వోర్డ్‌ఫిష్ టార్పెడో విమానాలు జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ అనుకుని తమ సొంత క్రూయిజర్ షెఫీల్డ్ మీదే దాడి చేశాయి. అయస్కాంత పేలుడు సాధనం బిగించిన టార్పెడోల్లో చాలా భాగం నౌకను చేరకముందే పేలిపోయాయి, షెఫీల్డ్ బతికిపోయింది. ఆ పొరపాటు వల్లే లోపం తెలిసింది. సాయంత్రం రెండో దాడికి 15 విమానాలు తాకితే పేలే సాధనంతో వెళ్లాయి, ఒక టార్పెడో బిస్మార్క్ చుక్కానిని బిగదీసింది. మధ్యాహ్నం జరిగిన అవమానం లేకపోతే సాయంత్రం ఆ దెబ్బ లేదు.

దీన్ని ఆటలోకి తేవాలంటే మొదట్లోనే ప్రతి వైపుకూ ఒక చిట్టీ బోర్లించి పెట్టండి: "బాగున్నాయి" లేదా "లోపం ఉంది". మొదటిసారి టార్పెడో తగిలినప్పుడే తిప్పి చూడాలి. లోపం ఉంటే అన్నీ వృథా. కానీ దాడి తర్వాత 2 టర్న్‌లు ఖర్చుపెట్టి సరిచేసుకోవచ్చు. సగటు నష్టం ముందటి రూల్‌కు దగ్గరలోనే ఉంటుంది, అనుభవం మాత్రం పూర్తిగా వేరు. ముందుగా చిన్న లక్ష్యం మీద ఒక చిన్న దాడి చేసి చూసుకోవడం తెలివైన పని అవుతుంది. బాంబులకూ ఇలాంటిదే పెట్టుకోవచ్చు. మిడ్‌వే రోజున యార్క్‌టౌన్ డైవ్ బాంబర్లు 17లో 4 విమానాల బాంబులు ఎలక్ట్రిక్ స్విచ్ లోపంతో దారిలోనే సముద్రంలో పడిపోయాయి. వాటిలో నాయకుడు మాక్స్ లెస్లీది కూడా ఉంది. అయినా ఆ స్క్వాడ్రన్ సోర్యూకి 3 బాంబులు తగిలించింది.

వెతకడం దగ్గర అసలు సారం ఉంది. టర్న్‌కు 3లో 1 అవకాశంతో వెతికితే 4 టర్న్‌లలో కనబడే అవకాశం 80 శాతం. మిగతా 20 శాతంలో ఏమీ చేయకుండా కూర్చోవాలి. ఇది నిజమే గానీ ఆడటానికి చప్పగా ఉంటుంది. దీనికన్నా మంచిది, కనబడటం సులభం చేసి, కనబడిందేమిటో నమ్మకం లేకుండా చేయడం. 1942 మే 7న పగడాల సముద్రంలో జపాన్ స్కౌట్లు (శత్రువును వెతికే విమానాలవాళ్లు) నియోషో అనే అమెరికా ఇంధన నౌకను విమానవాహక నౌక అని చెప్పారు. పెద్ద దాడి వెళ్లి ఆ ఇంధన నౌక మీద, దాని పక్కనున్న డెస్ట్రాయర్ సిమ్స్ మీద ఖర్చయిపోయింది. అదే రోజు అమెరికన్ స్కౌట్ సందేశంలో కోడ్ పొరపాటు వల్ల లేని విమానవాహక నౌకలు రెండు పుట్టుకొచ్చాయి. రెండు వైపులా పెద్ద దాడులను తప్పు చోటికి పంపారు!

దీనికి నాకు నచ్చిన పద్ధతి: స్కౌట్ వెళ్లిన హెక్స్ (ఆట పటం మీది ఆరు భుజాల గడి) పేరు చెప్పగానే ఎదుటి ఆటగాడు తెర వెనక పాచిక వేస్తాడు. 1 పడితే నౌక రకం ఒక మెట్టు పెంచి చెప్పాలి, ఇంధన నౌకను విమానవాహక నౌకగా, డెస్ట్రాయర్‌ను క్రూయిజర్‌గా. 2 పడితే చోటు ఒక హెక్స్ పక్కకు చెప్పాలి. 3 నుంచి 6 దాకా నిజం. పాచికా జవాబూ చీటీ మీద రాసుకుని ఆట చివర చూపించాలి. పాడయ్యేది ఎక్కడంటే, నౌకలు ఉన్నప్పుడే పాచిక వేసి లేనప్పుడు "ఏమీ లేదు" అని వెంటనే చెప్పేయడం. పాచిక చప్పుడు వినగానే విషయం బయటపడుతుంది. అందుకే ఏమీ లేని హెక్స్‌కు కూడా ప్రతిసారీ వేయాలి, జవాబుకు అంతే సమయం తీసుకోవాలి. ఒకే హెక్స్‌ను రెండో స్కౌట్‌తో సరిచూసుకోవడానికి ఒక టర్న్ పడుతుంది. ఆ టర్న్ ఖర్చుపెట్టాలా, ఉన్న వార్త మీదే విమానాలు లేపాలా అన్నదే ఆటలో అత్యంత కష్టమైన నిర్ణయం అవుతుంది. అవ్వాలి కూడా.

ఆలస్యం పాచికను నిర్ణయానికి ముందు వేయాలి. మిడ్‌వేలో జపాన్ క్రూయిజర్ టోనే స్కౌట్ విమానం అరగంట ఆలస్యంగా లేచింది. అది సమయానికి లేచి ఉంటే అమెరికన్లను చూసేదా, అసలు కలుసుకునేదే కాదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆటలో అయితే టర్న్ మొదట్లోనే ప్రతి స్క్వాడ్రన్‌కూ పాచిక వేసి, 1 పడిన వాటిని "ఈ టర్న్ లేవవు" అని పక్కన పెట్టండి. ఇప్పుడు ఆడేవాడు ఉన్నవాటితో వెళ్లాలా, ఆగి అన్నిటినీ కలిపి పంపాలా అని ఆలోచిస్తాడు. అదే పాచికను "లేపుతున్నాను" అని చెప్పిన తర్వాత వేస్తే ఆలోచించడానికేం మిగలదు, తిట్టుకోవడం తప్ప.

కాకతాళీయాలకు కూడా చోటు ఉండాలి, కానీ వాటికి కారణం ఉండాలి. మిడ్‌వేలోనే జపాన్ డెస్ట్రాయర్ అరాషీ నాటిలస్ అనే అమెరికా జలాంతర్గామిని వేటాడటానికి వెనక ఆగి, తర్వాత తన దళాన్ని అందుకోవడానికి పరుగెత్తింది. శత్రువును వెతుకుతూ ఇంధనం కరిగిపోతున్న ఎంటర్‌ప్రైజ్ డైవ్ బాంబర్ల నాయకుడు వేడ్ మెక్‌క్లస్కీ దాని నీటి జాడ చూసి అదే దిక్కు పట్టుకున్నాడు. "యాదృచ్ఛిక ఘటన" పట్టికలో ఏదో ఒకటి పడేయడానికి బదులు, జలాంతర్గామి దాడి జరిగిన టర్న్ తర్వాత వెనకబడ్డ డెస్ట్రాయర్ కౌంటర్ పెట్టి, దాన్ని చూసినవాడికి దళం ఉన్న దిక్కు చెప్పండి. అదే సంగతి, కానీ ఆటలోంచే పుట్టింది.

పాచిక ఫలితం నచ్చకపోతే మార్చేయొచ్చా? 1942 మే మొదట్లో యమాటో నౌక మీద జపాన్ అధికారులు మిడ్‌వే దాడిని ముందుగా ఆడి చూశారు. ఆ ఆటలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పినదాని ప్రకారం, నేల మీది నుంచి వచ్చిన అమెరికన్ బాంబర్ల పాచిక 9 తగిలినట్టు చెప్పింది, అకాగి, కాగా రెండూ మునిగాయి. ఆటను నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి దాన్ని 3కి తగ్గించాడు. మునిగిన కాగా కూడా తర్వాతి ఆటలో మళ్లీ కనిపించింది. దీన్ని అందరూ అహంకారానికి ఉదాహరణగా చెబుతారు. నేను రెండు ముక్కలుగా చూస్తాను. నేల మీది నుంచి వచ్చిన పెద్ద బాంబర్లు ఎత్తు నుంచి కదిలే నౌకలకు 9 తగిలించడం నిజంగానే అతి. అసలు మిడ్‌వే యుద్ధంలో అలాంటి పెద్ద బాంబర్లు, బి-17లు, విమానవాహక నౌకలకు ఒక్కటీ తగిలించలేదు. పట్టిక తప్పు, అంకె తగ్గించడంలో నేరం లేదు. నేరం ఏమిటంటే, మన విమానాలు ద్వీపం మీదికి వెళ్లినప్పుడు శత్రువు వస్తే ఏం చేస్తాం అని పాచిక వేసిన ప్రశ్నను అంకెతో పాటే చెరిపేయడం. ఫలితం అతిగా అనిపిస్తే అంకె మార్చుకోండి, కానీ ఆ పరిస్థితిని బల్ల మీదే ఉంచి ఆడండి.

చివరగా పాచిక మీదే అనుమానం ఉంటే 120 సార్లు వేసి రాసుకోండి. ఒక్కో ముఖం 20 సార్లు రావాలి. వచ్చిన అంకెకూ 20కీ ఉన్న తేడాను దానితోనే గుణించి, ఆరూ కలిపి, 20తో భాగించండి. 11.07 దాటితే అనుమానించండి. ఉదాహరణకు 14, 22, 19, 25, 17, 23 వచ్చాయనుకోండి. తేడాల వర్గాల మొత్తం 84, భాగిస్తే 4.2. ఒక ముఖం 14, ఇంకోటి 25 వచ్చినా ఆ పాచికలో తప్పు పట్టడానికేం లేదు. స్వల్పమైన వంకర 120లో బయటపడదు, 600 దాకా వేయాలి. అంచు మీద ఒరిగి నిలిచిన పాచికను మళ్లీ వేయాలని, బల్ల మీంచి పడ్డది చెల్లదని ఆట మొదట్లోనే ఒప్పుకోండి. విమానాలు గాలిలో ఉండగా ఆ వాదన మొదలైతే ఎవరూ ఒప్పుకోరు.